దోమలు లేని కాలంలో వేపాకు పొగ

మా అవ్వ మంచిది కాదు. ఈ మాట నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు. ఆమెను కళ్లారా చూసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనొక్కణ్ణే. నేను కూడా పోతే ఆమెకు మంచిపేరు తప్ప ఏమీ మిగలదు. మొన్నటి తుఫానులో ఆ ప్రమాదం ఆత్మకూరులో మా ఇంటి గుమ్మం తొక్కింది కాబట్టి, కళ్లద్దాలు తుడుచుకుని రాయడానికి కూర్చున్నాను.

తుఫాను వస్తుందని టీవీలో చెప్పగానే మా కోడలు ఇంటికి కావలసినవన్నీ సమకూర్చింది. ఆ పిల్లకు ముందుచూపు ఉంది, కాదనను. బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు, నిండు సిలిండరు, మంచినీళ్ల క్యాన్లు, ఇన్వర్టరుకు కొత్త బ్యాటరీ. అన్నీ వెనక గదిలో పెళ్లిలో సారె పేర్చినట్టు పేర్చి, ఫోటో తీసి, ఫోన్‌లో స్టేటస్ పెట్టింది. కింద “మేం రెడీ” అని ఒక మాట. అది చూసి నా గుండె ఆగిపోయింది. ఆగలేదు గానీ, తాగుతున్న కాఫీ మాత్రం లుంగీ మీద ఒలికింది. ఇంట్లో ఏముందో ఊరికి చూపించుకుంటారా అమ్మా అని అడిగితే, ఎవరు చూస్తారు మామయ్యా, అందరూ మనవాళ్లే గదా అంది. చూసేది మనవాళ్లే. బయటివాడికి మన గోల ఎందుకు?

కరెంటు పోయిన మర్నాడు పొద్దున్నే మనవాళ్లు రావడం మొదలుపెట్టారు. ఒకరికి ఫోను ఛార్జింగు, ఒకరికి బిందెడు నీళ్లు. వాళ్లలో ప్రసాదు అనే కుర్రాడున్నాడు. పక్కవీధిలో అద్దెకుంటాడు, మోటార్లు బాగుచేసే షాపులో పని. మా ఊరివాడే, వరసకు నాకు కొడుకవుతాడు, నన్ను పెదనాయనా అంటాడు. వాడి తాత మాలకొండయ్య, మా ఇంటికి గోడకవతల మనిషి. ఆ పేరు రాస్తుంటే ఇప్పటికీ నా పెన్ను కాగితం మీద గట్టిగా పడుతోంది. ప్రసాదు ఫోను ప్లగ్గుకు పెట్టి, సోఫాలో కూర్చుని, గోడమీది అవ్వ ఫోటో వంక చూసి లేచి నిలబడ్డాడు.

“ఈమేనా పెదనాయనా, శేషమ్మవ్వ? మా రవణమ్మవ్వ పోయేదాకా ఈమె మాటే చెప్పేది. కరువులో మా ఇంటిని నిలబెట్టిన తల్లంట గదా. ఇప్పటికీ మా ఇంట్లో కొత్త జొన్నలొస్తే మొదటి పిడికెడు ఈమె పేరు చెప్పి పక్కన పెడతాము” అన్నాడు.

మా అవ్వ ఒక ఎండాకాలమంతా కష్టపడి వీడి తాతను గోళ్ల మధ్య పేనును నొక్కినట్టు నొక్కింది. అంత కసి, అంత ఓర్పు, అంత పనితనం! వాళ్లింట్లో అది పుణ్యం కింద జమైపోయింది. పగ తీర్చుకోవడం ఎంత కష్టమో తీర్చుకున్నవాళ్లకు తెలుస్తుంది. దాన్ని ఇలా వృథా పోనివ్వడం నావల్ల కాదు.

మా ఊరు ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే దారిలో బస్సు దిగి లోపలికి నడవాల్సిన ఊరు. మెట్ట. వాన పడితే జొన్న, సజ్జ, లేకపోతే ఆకాశం. అవ్వ మా నాయనకు తల్లి. సన్నగా, నల్లగా, పొయ్యిలో సగం కాలిన చింతకట్టెలా ఉండేది. ఏ వస్తువైనా చేతికిస్తే ముందు వాసన చూసేది. గింజైనా, గుడ్డైనా, కొత్తగా వచ్చిన చుట్టమైనా. ఆమె దృష్టిలో ఇల్లంటే రెండు ఇళ్లు: ఊరికి కనిపించేది ఒకటి, కరువుకు కనిపించేది ఒకటి. రెండోదాని గురించి ఇంటి బయట ఒక్క అక్షరం పలికినా నాలుక మీద వాత పెడతానని నన్ను బెదిరించేది. పెట్టింది కూడా. అంటే, అట్లకాడ కాల్చి చూపించింది.

ఆ రెండో ఇల్లు మా పశువుల కొట్టంలో బర్రెను కట్టేసే చోట, నేల కింద ఉండేది. పాతర. పాతరంటే గింజలు దాచే గొయ్యి. లోపల మట్టి మెత్తి, చుట్టూ గడ్డి పరిచి, గింజలు పోసి, బండ మూసి, మీద మళ్లీ మట్టీ పేడా మెత్తుతారు. ఏళ్ల తరబడి గింజ చెడదు. మా పాతర ఏనుగును దించేంత లోతు. ఏనుగు కాదు, బర్రె అనుకోండి. సరే, నేను దిగి నిలబడితే తల బయటికే ఉండేది. కానీ అప్పటికి నాకు మీసాలొస్తున్నాయి, ఊళ్లో పొడుగువాళ్లలో ఒకణ్ణి.

పాతర తవ్వడం కన్నా దాన్ని లేదనిపించడం పెద్ద పని. తవ్విన మన్నుతో అవ్వ పెరటిగోడ ఎత్తు పెంచింది, మేకలు దూకుతున్నాయని ఊరికి చెప్పింది. పంట ఇంటికొచ్చిన ఏడు, అందరూ చూస్తుండగా మా నాయన బస్తాలు బండికెత్తి ఉదయగిరికి అమ్మకానికి తోలుకుపోయేవాడు. ఆ బస్తాల్లో ఊక. పైన కనబడే బస్తాలో మాత్రం మూతిదగ్గర నాలుగు దోసెళ్ల జొన్నలు. ఉదయగిరిలో ఏం చెయ్యాలో తోచక నాయన కొయ్యగరిటెలు చెక్కేవాళ్ల పక్కన పొద్దువాలేదాకా కూర్చుని, ఉత్తచేతులతో లేవడానికి మొగమాటపడి ఒక గరిటె కొనుక్కొచ్చేవాడు. మా ఇంట్లో అన్ని కొయ్యగరిటెలు ఎందుకున్నాయని మా కోడలు అడుగుతూ ఉంటుంది. మేము అన్నిసార్లు అబద్ధం చెప్పాం తల్లీ.

వానలు ముఖం చాటేస్తే ఊళ్లో మొదట అప్పుకు పోయేది మేమే. అది అవ్వ కట్టడి. గింజలున్న ఇంటివాళ్లే ముందు చెయ్యి చాచాలి, ఆకలి మన ఇంట్లోనే మొదలైందని ఊరు నమ్మాలి. అందుకోసం ముంత చేతికిచ్చి నన్ను గోడవతలికి పంపేది. మాలకొండయ్య చిన్నాయన అరుగు మీద కాలుమీద కాలేసుకుని, నన్ను ఎండలో నిలబెట్టి, ఏందిరా, మీ నాయన బండెడు గింజలమ్మినాడే, అప్పుడే అయిపోయినాయా అని నలుగురూ వినేలా అడిగేవాడు. చారెడు జొన్నలు ముంతలో పోసేముందు వేళ్ల సందునుంచి సగం జార్చేవాడు. మా కాళ్ల కింద పాతరనిండా గింజలుంటే నేను ఆ చారెడు కోసం తల దించుకోవాలి. ఆ ఎండ ఇంకా నా మాడు మీదే ఉంది.

పాతరగింజకు ఒక గుణముంది. పులిసిన వాసన. ఎంత కడిగినా, ఎంత ఎండబెట్టినా, సంగటి ఉడికేటప్పుడు అది ఇల్లు దాటుతుంది. తెలిసిన ముక్కు ఒక్కటి చాలు. అందుకని సాయంత్రం కుండ పొయ్యి మీదికెక్కగానే అవ్వ వాకిట్లో ఎండు వేపాకు రాజేసేది. దోమలకని చెప్పేది. మామూలు రోజుల్లో ఎవరైనా నమ్మాల్సిందే. వానల్లేని మూడో ఏడు కూడా ఆమె అదే చేసింది. అంత తెలివిగల మనిషి, అలవాటు మీద చేసిన తప్పు అదొక్కటే.

ఊరిబావిలో నీళ్లు అడుగంటి, బొక్కెన వంతుకోసం జనం గట్టు మీద కూర్చుని ఉన్నారు. నేనూ ఉన్నాను. మాలకొండయ్య చిన్నాయన తీరిగ్గా చుట్ట వెలిగించుకుని అన్నాడు: “బావుల్లో కప్పలే చచ్చినాయి. శేషమ్మ పెద్దమ్మ వాకిట్లో మాత్రం పొద్దుగూకితే వేపాకు పొగ. దోమలకంట. నీళ్లే లేని ఊళ్లో దోమలెక్కడుండాయిరా?”

ఎవరూ నవ్వలేదు. అందరి తలలూ మెల్లగా మా ఇంటివైపు తిరగడం చూశాను.

ఆ పొద్దే వచ్చారు. చేటలు, గంపలు, చీరకొంగులు. ఉదయగిరి తాలూకా అంతా మా వాకిట్లో ఉంది. తాలూకా కాదు, మా ఊరే. ఆ రోజు నాకు తాలూకాలా కనబడింది. ఎవరూ గొడవ చెయ్యలేదు, తిట్టలేదు. కొంగు పట్టుకుని నిలబడ్డారు, అంతే. మా వైపు, గడపముందు కొంగు పట్టినవాళ్లకు లేదని చెప్పే నోరు ఇంకా పుట్టలేదు. అవ్వ కొట్టంలోకి పోయి బర్రెను విప్పింది. నాయన బండ తీశాడు. పాతర తెరవగానే దిగితే మనిషి లోపలి గాలికే పోతాడు. దీపం దించి చూసి, అది ఆరకుండా నిలిచాకే దిగాలి. దీపం నిలిచేదాకా ఊరంతా ఊపిరి బిగబట్టి చూసింది. తర్వాత అవ్వ గట్టున కూర్చుని కొలిచి పోసింది. అడుగున గడ్డి కనబడేదాకా పోసింది. అందరికన్నా పెద్దగంప తెచ్చింది మాలకొండయ్య చిన్నాయన. నిండా పోయించుకుని, పెద్దమ్మ చెయ్యి చల్లని చెయ్యి అన్నాడు.

మర్నాటి నుంచి నాయనా నేనూ కరువుపనికి పోయాం. సీతారామపురం రోడ్డుకు కంకర కొట్టడం, సాయంత్రానికి కూలిగింజలు తెచ్చుకోవడం. పొద్దస్తమానం నేను కొట్టింది రాళ్లను కాదు, ఎవరి తలనో మీకు చెప్పక్కర్లేదు. మధ్యాహ్నానికి ఇంటికి పరిగెత్తుకొచ్చి రెండు ముద్దలు తిని పోయేవాణ్ణి. అలా వచ్చిన ఒకరోజు అవ్వ గోడవార గొంతుక్కూర్చుని నేలను చూస్తోంది. చీమలబారు. మాలకొండయ్య కొట్టం పునాది కింద నుంచి బయలుదేరి, గోడ దాటి, మా పెరట్లో పుట్టలోకి. ప్రతి చీమ నోట్లో ఒక సజ్జగింజ. ఊరంతా గాలించినా నేలమీద గింజ దొరకని రోజులవి. అవ్వ ఒక చీమను ఆపి, గింజ తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఆమె ముఖం అంత ప్రశాంతంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు నాకూ అర్థమైంది. ఆయనకూ పాతర ఉంది. మా పాతరను ఊరికి చూపించింది మా మీద కోపంతో కాదు, ఊరి కళ్లు ఇటు తిప్పితే అటు పడవని. పైగా గంప నింపుకుపోయాడు. నేను గడ్డపార అందుకున్నాను. నాయన, మునసబు దగ్గరికి పోయి ఊరంతా వినేలా చెబుదామన్నాడు. అవ్వ ఇద్దరినీ కూర్చోమంది.

“వాడు మన గుట్టు బయటపెట్టినాడు. నేను వాడి గుట్టు దాస్తా. బాగా దాస్తా. వాడికే దొరక్కుండా దాస్తా” అంది.

మా కొట్టం మీది కప్పును అప్పటికే బర్రెకు మేతగా పీకేశాం. అవ్వ మర్నాడు బర్రెను తోలుకుని గోడవతలికి పోయి, మాలకొండయ్య పెళ్లాం రవణమ్మతో, మా కొట్టంలో నీడ లేదమ్మా, నోరులేని జీవం ఎండకు చస్తుందని మొరపెట్టుకుంది. రవణమ్మ మెత్తని మనిషి. కట్టేసుకో అత్తా అంది. అవ్వ వాసన చూసుకుంటూ కొట్టమంతా తిరిగి, సరిగ్గా ఎక్కడ కట్టాలో అక్కడ గుంజ పాతింది. గుంజ పక్కన నులకమంచం వేసింది. ఇక అక్కణ్ణించి లేవలేదు.

మాలకొండయ్య చిన్నాయన కొట్టంలోకి వచ్చి చూసి, మనిషి రంగు మారిపోయాడు. కాదనలేడు. అంతకుముందే గదా ఊరి ముందు చల్లని చెయ్యి అన్నది. పైగా ఎందుకు వద్దంటున్నావని ఎవరైనా అడిగితే? అవ్వ ఒంటరిగా కూర్చుంటే ఆయనకు ఏదో ఉపాయం దొరికేదేమో. చింతపండు గింజ తీసే పని పెట్టుకుంది. ఊళ్లో ఆడవాళ్లంతా కొడవళ్లు, చేటలు పట్టుకుని అక్కడికే చేరారు. కొట్టంలో పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా పులుపు వాసన, పుల్లవిరుపు మాటలు. పాతర మూతి మీద పదిమంది ఆడవాళ్లు కూర్చుని ఉంటే మగవాడు చెయ్యగలిగిందేముంది?

ఒకరోజు ఆయన గడపలో నిలబడి పిలిచాడు.

“పెద్దమ్మా, ఈ కొట్టంలో పాముండాది. మొన్న చూసినా.”

“అట్నా నాయనా? అయితే పాములోణ్ణి పిలిపించు. నేలంతా తవ్వి పట్టిస్తాం.”

“వద్దులే. అది మంచి పాము” అన్నాడు ఆయన. ఆడవాళ్లు నవ్వారు. అవ్వ నవ్వలేదు. మంచిదైతే ఉండనీ అంది.

గోడ కూలుతుందన్నాడు. అవ్వ మంచం ఇవతలికి జరుపుకుంది, అంటే ఇంకా సరిగ్గా మూతి మీదికి. ఆయన బుగ్గలు లోపలికి పోయాయి. మెడలో ఎముకలు లెక్కపెట్టొచ్చు. కాళ్ల కింద ధాన్యం పెట్టుకుని తుమ్మకాయలు ఉడకేసుకునే స్థితికొచ్చాడు. కంకర పనికి మా పక్కనే వచ్చి కూర్చున్నాడు. ఆ రాళ్ల చప్పుడు నాకు మేళంలా వినబడేది. పగవాడు పడుతున్న బాధను దగ్గరగా, రోజూ, తీరిగ్గా చూడడం కన్నా సుఖం ఆ వయసులో నేనెరగను. ఈ వయసులోనూ ఎరగను.

పగ అవ్వకు ఆకలి పెంచింది. మధ్యాహ్నం నేను ఆమెకు అంబలి తీసుకుపోయేవాణ్ణి. మొదట్లో చిన్నముంత. తర్వాత పెద్దముంత. ఆ తర్వాత కుండ. మా అమ్మ తను సగం తిని, మాకు ముప్పాతిక పెట్టి, అవ్వకు కుండనిండా పంపేది. సాయంత్రానికి కుండ అద్దంలా తుడిచి వెనక్కొచ్చేది. ముసల్దానికి ఆ పొట్టలో ఎక్కడ పడుతోందని నాయనా నేనూ ఆశ్చర్యపోయేవాళ్లం.

చివరికి వాన వచ్చింది. పాతర మూతి ప్రతి ఏడూ వానకు ముందు చూసుకుని, నెర్రెలు పూడ్చి, మళ్లీ మెత్తుకోవాలి. ఆ ఏడు మెత్తనిచ్చేదెవరు? చీమలు పోయిన దారినే నీళ్లు పోయాయి. రెండు వానలు పడ్డాక కొట్టంలోంచి ఒక వాసన లేచింది, కుళ్లిన గింజల వాసన, తలనొప్పి తెప్పించేంత. ఆడవాళ్లు ముక్కు మూసుకుని ఏంటిదని అడిగితే, ఎలుక చచ్చినట్టుండాది అంది అవ్వ. ఇక నీడ అక్కర్లేదని బర్రెను విప్పుకుని, మంచం నెత్తినపెట్టుకుని ఇంటికొచ్చేసింది. మాలకొండయ్య చిన్నాయన కొట్టం గడప మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకు ఏడవడానికి కూడా వీల్లేదు. దేనికి ఏడుస్తున్నావని అడిగితే ఏం చెప్తాడు?

ఇక విత్తాలి. ఊళ్లో ఎవరింట్లోనూ విత్తనం లేదు. మా పాతర ఖాళీ అని అందరికీ తెలుసు, వాళ్లే ఖాళీ చేశారు. అప్పుడు అవ్వ నన్ను వంటింట్లోకి పిలిచి, నిచ్చెన వేసి, పొయ్యికి పైన దూలానికి వేలాడే సొరబుర్రలు దింపమంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను వాటిని, మసిపట్టి గబ్బిలాల్లా వేలాడుతుండేవి. లోపల బూడిద కలిపిన జొన్న, సజ్జ విత్తనం. నాయనకు కూడా తెలియదు. సొంత కొడుక్కే చెప్పని మనిషి ఆమె. వాకిట్లో కూర్చుని కొయ్యగరిటెతో అందరికీ కొలిచింది. ఆఖరున మాలకొండయ్య చిన్నాయన తుండుగుడ్డ పట్టుకుని వచ్చాడు. అవ్వ గరిటె ఎత్తి, ఊరంతా వినేలా అంది:

“పట్టు మాలకొండా. ఇవి పాతరగింజలు గావు. వాసన రావు.”

గరిటె లోంచి కొన్ని గింజలు కావాలని కిందికి జార్చింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటే ఏరుకున్నాడు.

ఇదీ జరిగింది. దీన్ని దయ అనేవాళ్లకు మా అవ్వ తెలియదు, దయా తెలియదు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. పెన్ను మూత కూడా పెట్టేశాను. కానీ గోడమీద ఫోటోలోంచి ఆమె నా కాగితాన్ని వాసన చూస్తున్నట్టుంది. సరే, విప్పేస్తాను. గింజలు ఆమె జార్చలేదు. ఒక్కటీ కింద పడలేదు. జార్చి ఉంటే బాగుండేదని ఇన్నేళ్లుగా అనుకుని అనుకుని, చివరికి నా కంటికి అలాగే కనబడుతోంది. ఆ మాట ఊరంతా వినలేదు. ఆయన వంగినప్పుడు చెవిదగ్గర, ఊపిరంత మెల్లగా అంది. పక్కన సొరబుర్ర పట్టుకుని ఉన్నాను కాబట్టి నాకు వినబడింది. ఆయన గుట్టు దాస్తానంది, చచ్చేదాకా దాచింది. దాన్ని బయటపెట్టింది ఇదిగో నేను, ఈ పూట.

ఇంకొకటి. అంబలికుండ. నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు, తెలుసు. రవణమ్మకు ఇద్దరు పిల్లలు, చంకలో ఒకడు, కొంగు పట్టుకుని ఒకడు. మొదటిరోజు ముంత తీసుకుపోయినప్పుడే చూశాను. అవ్వ ఆడవాళ్లను ఏదో పనిమీద ఇళ్లకు తోలి, తను గోడకేసి తిరిగి కూర్చునేది. వెనక ఆ పిల్లలు తాగేవాళ్లు, చివర్న వాళ్లమ్మ. అవ్వ వెనక్కి తిరిగేది కాదు. చూస్తే పెట్టినట్టవుతుందని కాబోలు. నేను కంకర కొట్టి తెచ్చిన గింజలవి. పగవాడి బిడ్డల పొట్టలోకి పోతున్నాయని తెలిసి నాకు ఒళ్లు మండిపోయింది. ఒకరోజు కుండ పట్టుకుని పోనని మొండికేస్తే అవ్వ ఒకటే మాటంది: “పాతర వాడిది. ఆకలి వాళ్లదిరా.” ఆ చంకలో పిల్లోడే ప్రసాదు తండ్రి.

ఆమెను నేను ఇంకా క్షమించలేదు. పగ పట్టాక పూర్తిగా పట్టాలి. మాలకొండయ్యను నొక్కుతూ ఆయన ఇంటిని కాపాడింది. రెండూ ఒకే మంచం మీద కూర్చుని చేసింది. ఏది ముందు, ఏది సాకు అని అడగడానికి ఇప్పుడెవరున్నారు? మా కోడలు మాత్రం అన్నీ ఫోటోలో చూపిస్తుంది, వచ్చినవాళ్లకు ప్లగ్గు చూపిస్తుంది, దానికి దాచడమూ రాదు, నొక్కడమూ రాదు. కరెంటు ఉన్నన్నాళ్లు గట్టెక్కుతుంది.

తుఫాను వెలిసిన వారానికి ప్రసాదు మళ్లీ వచ్చాడు. ఊరినుంచి కొత్తజొన్నలు వచ్చాయట. చిన్న సంచి నా చేతిలో పెట్టి, ఈసారి పిడికెడు పక్కన పెట్టడమెందుకు, ఆమె ఇంట్లోనే ఇద్దామని తెచ్చినా పెదనాయనా అన్నాడు. వాడికి అప్పుడే అంతా చెప్పేద్దామని నోరు తెరిచాను. మీ తాత గంప గురించి, పాము గురించి, ఆ వాసన గురించి. వాడు బండి స్టార్టు చేసి, చెయ్యెత్తి వెళ్లిపోయాడు. సంచి విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. శుభ్రమైన గింజ. ఏ వాసనా లేదు.

ఫోటో తీస్తానని కోడలు ఫోను తెచ్చేలోపు దాన్ని దాచేశాను. ఎక్కడో మీకు చెప్పను.